తరుగు

లీగు ఆఫీసు నుంచి కుర్రాడొకడు వచ్చాడు.
కుర్చీ అంచున కూర్చుని, టీ వద్దని,
ల్యాప్‌టాప్ తెరుస్తూ అడిగాడు:
మీ మీద కొట్టిన గోల్స్‌కి కొంచెం విలువ తగ్గిస్తే
మీకేమన్నా అభ్యంతరమా సార్?

నేను గుంటూరు యార్డులో కాటా గుమాస్తాని.
పగలు మిర్చి టిక్కీలు తూస్తాను.
మ్యాచ్ ఉన్న సాయంత్రం కోల్డ్ స్టోరేజీ వాళ్ల జట్టుకి స్కోరు రాస్తాను.
రెండింటికీ ఒకటే బాల్‌పెన్ను.
రెండు పుస్తకాల కుట్టులోనూ ఒకటే ఎర్ర పొడి.

పదకొండు సీజన్లు, నూట తొంభై ఎనిమిది ఆటలు.
గెలిచినవి తొమ్మిది.
ఆ తొమ్మిదీ నాకు నోటికొచ్చు, అడిగినవాళ్లు లేరు.

లీగు రికార్డుల పేజీ తెరవండి.
అన్నిటికన్నా తొందరగా పడ్డ గోల్, పదకొండో సెకండు: మా మీద.
(మావాడింకా లేసు కట్టుకుంటున్నాడు.)
ఒక్కడే ఒక్క ఆటలో ఏడు: మా మీద.
నలభై దాటిన గోలీ ఒకడు
తన పెట్టె దగ్గర నుంచి తన్నిన బంతి
చేబ్రోలు వైపు గాలికి ఎగిరొచ్చి, ఒక్క గెంతు గెంతి
వలలో పడింది. అదీ మా మీదే.
ఎవరి ఘనత పక్కన చూసినా మా పేరుంటుంది,
పెళ్లి వీడియోలో లైటు పట్టుకున్నవాడి చెయ్యిలా.

కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు.
బలహీనమైన జట్టు మీద కొట్టింది
పూర్తి గోల్ కింద రాదట.
సున్నా పాయింట్ నాలుగు. సర్దుబాటు అంటారట.

నాకు నవ్వొచ్చింది.
తేమకింత, గోనెకింత, తాలుకాయకింత,
నేను రోజూ చేసేది అదేగా.
ప్రత్తిపాడు రైతు కాటా మీది అంకె చూడడు,
నా పెన్ను చూస్తాడు.
ఇన్నేళ్లూ తరుగు రాసిన చెయ్యి ఇది.
నా సరుక్కి తరుగు అడిగినవాడు
ఇతనే మొదలు.

పాత పుస్తకం తీసి ముందు పెట్టాను.
ఇదిగో, ఆ ఏడు గోల్స్ పేజీ. వాన తడిసి అట్టకట్టింది.
నాలుగోదాన్ని ఆపబోయి
మా గోలీ సైదావలి చిటికెన వేలు పక్కకి తిరిగింది.
పురికొసతో పక్క వేలికి కట్టుకుని మళ్లీ నిలబడ్డాడు.
ఆరు పడ్డాక, ఇంకో రెండు నిమిషాలుందనగా,
ఇన్నయ్య గీత మీద నుంచి ఒకదాన్ని తలతో తీశాడు.
ఎందుకు తీశాడో నాకు తెలీదు.
ఆరైతే ఏంటి, ఏడైతే ఏంటి.
తీశాడు.
అది తిరిగొచ్చి వాళ్ల తొమ్మిదో నెంబరు కాలికి దొరికింది.
సైదావలి దూకాడు. వేళ్లకి తగిలింది.
మార్జిన్‌లో రాశాను చూడు: 'చెయ్యి తగిలింది'.
దానికి గడి లేదు మీ దాంట్లో.

ఆట అయ్యాక ఆ తొమ్మిదో నెంబరు
మా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.
ఆ చివరిది రాదనుకున్నా అన్నా, అన్నాడు సైదావలితో.
అతని గోల్‌కి
అతను కట్టిన రేటు అది.

మీకే మంచిది సార్, అన్నాడు కుర్రాడు,
మీ ఓటములు కూడా తేలికవుతాయి.

వద్దు నాయనా.
నాలుగో వంతో, సగమో అంటే
సైదావలి సగమే దూకినట్టు.
మిర్చిలో తేమ ఉంటుంది, ఒప్పుకుంటా.
మావాళ్ల ఒంటి మీద ఆ రోజున్నది చెమటే,
దానికి తరుగు తియ్యను.
ఏడు ఏడే. మొత్తం రాసుకో.

అతను ఇంకేం అనలేదు.
పేజీలు మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు,
వేలితో వరసలు తడుముతూ,
తొమ్మిది గెలుపుల్లో ఒకదాని దగ్గర ఆగి
ఇదేంటి సార్, ఇది మా దగ్గర లేదే, అని
అలవాటుగా కళ్లజోడు తీసి
కళ్లు నులుముకున్నాడు.

ఆ పుస్తకం ముట్టుకున్న చేత్తో వద్దని
చెప్పేలోపే.

కుళాయి దగ్గరికి చెయ్యి పట్టుకు తీసుకెళ్లాను.
ఎన్ని చెంబులు పోశానో మటుకు
రాసుకోలేదు.